ప్రారంభ ఖర్చులు

జిల్లేడుకుంట నీటి సంరక్షణ సంఘానికి
నేను కోశాధికారిని.
కోశం అంటే ఒక బిస్కెట్ల డబ్బా.
మూత మీద బొమ్మ సగం చెరిగింది,
లోపల ఇంకా వెనిల్లా వాసన.

పదకొండేళ్లు చీటీలు నడిపినదాన్నని,
ఒక్క పాటలోనూ పైసా తేడా రాలేదని,
మేడ మీద మీటింగులో నా పేరే చెప్పారు.
చప్పట్లు కొట్టినవాళ్లు ఇరవై ముగ్గురు.
డబ్బా కనపడగానే
చెప్పులు వెతుక్కున్నవాళ్లు పద్దెనిమిది మంది.

మర్నాటి నుంచి గడప గడపకీ నేనే.
మూడో అంతస్తు విశాలాక్షిగారు
ఐదువందల నోటు మడత విప్పకుండా అడిగారు,
"దీనికి ఎన్ని బిందెలొస్తాయి?"

ఒక్కటీ రాదండీ.
దీనికి సంఘం రిజిస్టరు అవుతుంది.
రబ్బరు స్టాంపు, ఇంకు ప్యాడు, రెండు రశీదు బుక్కులు,
బ్యాంకులో కదపకుండా ఉంచాల్సిన ఐదువేలు,
హద్దులు కొలిచే సర్వేయరు ఫీజు,
ఎండకి రానంటాడు కాబట్టి
ఆయన్ని తీసుకొచ్చే ఆటో.

"అంటే కాయితాలకా?"

కాయితాలకే.
కుంట ఎండిపోయి ఇరవై ఆరేళ్లయింది గానీ
పహాణీలో ఇంకా నిండుగానే ఉంది,
పదకొండెకరాల ఏడు గుంటలు, అలుగుతో సహా.
దాన్ని కాయితంలోంచి నేల మీదికి దింపాలంటే
ముందు కాయితమే కొనాలి.

ఆవిడ నోటు మడత విప్పారు.
అర్థమై కాదు, నా నోరు ఎండుతోందని.
మంచినీళ్లు మాత్రం అరగ్లాసే ఇచ్చారు.
మంజీరా వచ్చి ఆ రోజుకి నాలుగో రోజు.

బోర్లు వేసే ఖాజా రెండువందలిచ్చాడు.
"జిందగీ అంతా భూమికి తూట్లు పొడిచిన అక్కా,
ఇది ఏ తూటుకు మాటు?" అని నవ్వి
ఇంకో వంద తీశాడు.

ఒక సాయంత్రం బిల్డరు తరఫున ఒకాయన
కవరు పట్టుకొచ్చాడు, ఇటుకంత మందం.
డబ్బా మూత పట్టదు.
మొత్తం ఖర్చు ఒక్క చేత్తో తీరిపోయేది.
అబద్ధమెందుకు, నా బొటనవేలు కవరు అంచు దాకా వెళ్లింది.
పెన్ను తీసి అడిగాను:
పేరు, ఇంటి నంబరు,
మీ కాంపౌండు గోడకి నాలుగు దిక్కులా హద్దులు.
"హద్దులెందుకమ్మా?"
సర్వేయరు వస్తున్నాడు కదా, సరిచూసుకోవడానికి.
కవరు వచ్చిన దారినే వెళ్లింది.
ఆ రాత్రి నిద్ర పట్టలేదు,
ధైర్యంతో కాదు, లెక్కతో.
ఇంకా పద్నాలుగువేల మూడొందలు కావాలి.

ట్యాంకరు బాలనర్సు పొద్దున్నే హారను కొట్టాడు.
పైపు డ్రమ్ములోకి వదిలి
చొక్కా జేబులోంచి పది నోట్లు, ఇరవై నోట్లు,
తడివి, ఒకదానికొకటి అంటుకున్నవి, ఏడొందలు.
కుంట నిండితే నీ బండి ఆగుతుందయ్యా, అన్నాను.
"ఆగనీ. మా పోరి పుట్టినకాన్నుంచి
ఇంటికి నీళ్లు మోసేది మా ఆమెనే,
నేను ఊరికి పోస్త."
రశీదు వద్దన్నాడు.
వద్దంటే ఎలా, లెక్క లెక్కే.

కోఠిలో చేయించిన స్టాంపు ఆ రోజే చేతికొచ్చింది.
"నీటి"కి బదులు "నోటి" అని పడింది:
జిల్లేడుకుంట నోటి సంరక్షణ సంఘం.
మార్పిస్తే మళ్లీ నూట ఎనభై.
బ్లేడుతో చెక్కి చూశాను, రబ్బరు మాట వినలేదు.
ఉండనీలే, ఇప్పటిదాకా మా దగ్గరున్నవి
నోట్లూ నోళ్లే.

బాలనర్సు పేరు రాసి స్టాంపు ఒత్తితే పడలేదు.
మే నెల, ప్యాడు పెంకులా ఎండింది.
అతనే డ్రమ్ములో వేలు ముంచి
ప్యాడు మీద రెండు చుక్కలు రాల్చాడు.
ఊదారంగు నెమ్మదిగా మేలుకుంది.

సంఘం వాడిన మొదటి నీళ్లు అవి.
విరాళం కింద రాయాలా, ఖర్చు కింద రాయాలా
నాకింకా తేలలేదు.
ఆ గడి ఖాళీగా ఉంచాను.